ఓర్పుకు బాడీ కట్టిన దొడ్డప్ప

దొడ్డప్పకు ఏ సినిమా ఎలా ముగుస్తుందో తెలియదు. చూడక కాదు. కృష్ణగిరిలో టాకీసుకు పోయినప్పుడల్లా, జనమంతా ఒక్కసారి లేస్తే బండి బయటికి తీయడం కష్టమని, విలన్ ఇంకా బతికుండగానే లేచి వచ్చేస్తాడు. స్టాండులో మోపెడ్ మీద కూర్చుని, భార్య పిల్లమ్మ తీరిగ్గా బయటికి వచ్చాక, "ఏమాయ? చచ్చినాడా లేదా?" అని అడుగుతాడు. ఊరు చేరేలోపల పిల్లమ్మ మిగతా కథ చెబుతుంది. ఆమె తనకు తోచినట్టు మార్చి చెబుతుందని కూడా ఊళ్లో ఒక మాట ఉంది.

కుందారపల్లి దగ్గర హైవే దిగి లోపలికి పోతే వచ్చే మిట్ట ఊరు వాళ్లది. తాత ముత్తాతల నాటి నుంచి ఆ ఎర్రమట్టిలోనే సేద్యం. కొంత మామిడి, కొంత టమాటా, వానను బట్టి శనక్కాయ. శనక్కాయ వేసిన ఏడు దొడ్డప్ప చేసే పని చూడాలి. ఊడలు దిగాయో లేదో అని ఒక చెట్టు పీకి చూసి, మళ్లీ అదే గుంతలో పెట్టి, కాలితో తొక్కి, పక్క చెట్టు పీకుతాడు. ఫోన్లోనూ అంతే. అవతలివాళ్లు హలో అనేలోపల చెప్పాల్సింది చెప్పేసి పెట్టేస్తాడు. ఒకసారి ట్రాక్టరు పంపమని ఎవరికో గట్టిగా చెప్పేశాడు. ఎవరికి చెప్పాడన్నది ఈరోజుకీ తేలలేదు.

అలాగని చెడ్డవాడు కాడు. టీ అంగడి శేషప్ప గడ్డివామి అంటుకున్న రోజున, శేషప్పకు సంగతి తెలిసేలోపలే దొడ్డప్ప బిందెతో అక్కడ నిలబడి ఉన్నాడు. మంచికైనా చెడ్డకైనా ఆయన అందరికన్నా ముందు. అందుకే ఊరివాళ్లు ఆయన తొందరను తిట్టుకుంటూనే, దాంతో సర్దుకుపోయారు.

అలాంటి మనిషి బొమ్మ, నిలువెత్తున, ఓర్పుకు ప్రతిరూపంగా హైవే పక్కన లేచి నిలబడింది.

దానికి కారణం హోసూరులో డ్రిప్పు పైపులు చేసే ఒక కంపెనీ. వాళ్ల పైపులే దొడ్డప్ప తన టమాటా తోటలో వేయించుకున్నాడు. పైపులు వాడే రైతుల ఫోటోలు పెద్దగా వేసి, ఒక్కో ఫోటో కింద ఒక్కో మంచి గుణం రాయాలని కంపెనీవాళ్లు అనుకున్నారు. ఒకరికి కష్టం, ఒకరికి నమ్మకం, ఒకరికి పొదుపు. రాసే పని తనూజది. విజయనగరం వైపు పిల్ల. ఉద్యోగానికని హోసూరు వచ్చింది. తమిళం ఇంకా నాలుకకు పట్టుబడలేదు. తెలుగు మాట్లాడే ఊరికి ఫోటోలకు పొమ్మంటే ఆనందంగా బయలుదేరింది. బస్సు దారిలో ఆగిపోయి, చెప్పిన వేళకు బాగా ఆలస్యంగా చేరింది.

దొడ్డప్ప పొద్దున్నే గడ్డం గీక్కుని, తెల్లచొక్కా తొడుక్కుని, ఇంటికీ రోడ్డుకీ మధ్య తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్నాడు. కంపెనీని తిట్టాడు. పైపుల్ని తిట్టాడు. తనూజ వచ్చి, "నమస్కారం బాబాయ్ గారూ, ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి" అనేసరికి మెత్తబడ్డాడు.

"బాబాయి అంటే మా పక్క చిన్నాయనే గదమ్మా? సరే, రా, రా. యాడ నిలబడాల?"

"కాఫీ తాగండి ముందు. ఆ పాపకీ ఇస్తాండా" అంటూ పిల్లమ్మ పొయ్యి మీది నుంచి అప్పుడే దించిన కాఫీ రెండు లోటాల్లో తెచ్చింది.

"వెలుగు బాగుంది, పోకముందే తీసేద్దామండీ" అంది తనూజ, కెమెరా బయటికి తీస్తూ.

పోకముందే అన్న మాట చాలు దొడ్డప్పకు. లోటా ఎత్తి, సలసల కాగే కాఫీ ఒక్క గుక్కలో నోట్లో పోసుకున్నాడు. మింగుదామంటే గొంతు కాలుతుంది. ఉమ్ముదామంటే ఎదురుగా కొత్త ఆడపిల్ల. ఏం చేయాలో తెలియక పెదాలు గట్టిగా మూసి, గడ్డం పైకెత్తి, దూరంగా కనబడే కొండను చూస్తూ, ముక్కుతో మెల్లగా గాలి తీసి వదలసాగాడు. కళ్లలో నీళ్లు నిలిచాయి. అవి రెప్పల అంచున మెరిశాయి గానీ జారలేదు.

"అలాగే ఉండండి! కదలకండి బాబాయ్ గారూ! ఎంత బాగుందో!" అంటూ తనూజ టకటకా ఫోటోలు తీసింది.

ఇంకోలా ఉండే వీలు ఆయనకు మాత్రం ఎక్కడుంది?

ఫోటో చూసి హోసూరు ఆఫీసులో మేనేజరు యోగేష్ కుర్చీలోంచి లేచాడట. "ఎన్ని కరువులు చూసుంటే ఈ కళ్లు ఇట్ల అవుతాయి! ఇదీ ఓర్పంటే!" అన్నాడట. బెంగుళూరు నుంచి చెన్నైకి పోయే కార్లవాళ్లకు అర్థం కావాలని, వాక్యం ఇంగ్లీషులోనే ఉండాలన్నాడు. తనూజ మూడే మాటలు రాసింది: హీ ఎంబాడీస్ పేషెన్స్. కింద చిన్నగా తమిళంలో కంపెనీ పేరు, దొడ్డప్ప పేరు, ఊరు.

ఆ బోర్డు కుందారపల్లిలో సరిగ్గా శేషప్ప టీ అంగడికి ఎదురుగా లేచింది. మొదటిరోజు అంగట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. దొడ్డప్ప మొహం ఒక గది అంత ఉంది. అంత పెద్ద మీసాన్ని అక్కడెవరూ చూసి ఉండలేదు.

"ఇంగ్లీషులో ఏం రాసినారప్పా?" అన్నాడు దొడ్డప్ప.

శేషప్ప వయసులో నామక్కల్లో లారీలకు బాడీ కట్టే షెడ్డులో పనిచేసినవాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, నడిమి మాటలో తనకు తెలిసిన ముక్కను పట్టుకున్నాడు. "బాడీ అని ఉండాదప్పా. పేషెన్స్ అంటే ఓర్పు, అది నాకు తెలుసు. అంటే, లారీకి బాడీ కట్టినట్ల, ఓర్పుకి నిన్ను బాడీ కట్టినారు."

దొడ్డప్ప సంతోషించేలోపల, బెంచీ చివర కూర్చున్న ముత్యాలప్ప గొంతు సవరించుకున్నాడు. "బాడీ అంటే శవం గదప్పా? ఆస్పత్రిలో బాడీ ఇచ్చినారా, బాడీ యాడికి తీసుకుపోతారు అంటారే."

దొడ్డప్ప తన బొమ్మ వైపు చూశాడు. పైకెత్తిన గడ్డం, తడి కళ్లు. చూస్తే అట్లనే ఉంది. "బతికుండంగానే రాసేస్తారా?" అన్నాడు.

అదృష్టం కొద్దీ అప్పుడే శేషప్ప కోడలు వినుత బడి వ్యాను కోసం అటు వచ్చింది. ఆమె ఇంగ్లీషు మీడియం బడిలో టీచరు. బోర్డు చదివి నవ్వింది. "శవం కాదు మామా. ఓర్పు అనేది కంటికి కనబడదు గదా. దానికి ఒళ్లు వచ్చి, మీసం వచ్చి, మన ముందర నిలబడితే ఎట్ల ఉంటుందో అట్ల ఉండారు మీరు. అదీ అర్థం. ఓర్పుకు మారుపేరు అంటాము చూడు, అట్ల."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. శేషప్ప చేతిలో టీ పాత్ర కింద పెట్టేయాల్సి వచ్చింది. ముత్యాలప్ప బెంచీ మీది నుంచి జారాడు. ఇంట్లో సంగతి విన్న పిల్లమ్మ మెట్టు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కాస్త ఆగుతూ, మళ్లీ గుర్తొచ్చి నవ్వుతూ, వంట సంగతే మరిచింది.

అయినా కొన్నాళ్లు దొడ్డప్ప మురిసిపోయాడు. బస్సులో పోతూ ఎవరో వేలెత్తి చూపితే, మీసం సర్దుకున్నాడు. కష్టాలు మొదలైంది ఆ తర్వాతే.

మొదట మంగలి అంగట్లో. ఆయన కుర్చీలో కూర్చోబోతుంటే మంగలి భుజం పట్టుకుని ఆపి, వెనకొచ్చినవాణ్ని చూపించాడు. "ఈయనకు పెండ్లి ఉందంట అన్నా, పంపించేస్తా. నీకేం, నువ్వు ఓర్పు గదా." తర్వాత రాయకోట మండీలో. టమాటా క్రేట్లు దించి వేలం కోసం నిలబడితే, దళారి గోపీనాథ్ వెనకొచ్చిన బండ్లన్నీ ముందు చూసి, "బోర్డు మీద ఉండే పెద్దాయన కదా, కాచుకుంటాడు" అన్నాడు. సామల్పట్టిలో చుట్టాల పెండ్లికి పోతే, పంక్తి పంక్తికీ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లేపి, ముసలివాళ్లను, పిల్లల తల్లులను కూర్చోబెట్టారు. చివరి పంక్తిలో ఆయన కూర్చునేసరికి పాయసం గిన్నెలో గరిటె చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. ఒక అత్త అయితే తన కోడలిని వెంటబెట్టుకుని ఇంటికే వచ్చింది. "దీనికి నాలుగు ఓర్పు మాటలు చెప్పన్నా" అని. అత్త చెప్పే ఫిర్యాదు సగంలో ఉండగానే దొడ్డప్ప దొడ్డిదారిన చేనికి పారిపోయాడు.

రాయకోటలో రెండోసారి కూడా అదే జరిగేసరికి ఆయనకు ఒళ్లు మండింది. క్రేటు మీదికెక్కి, గోపీనాథ్‌ను, వాళ్ల తక్కెడను, మండీ కట్టించినవాళ్లను కలిపి తిట్టాడు. పూర్వమైతే ఆ తిట్లకు జనం దారి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు సెల్‌ఫోన్లు బయటికి తీశారు. "ఓర్పుకే కోపం వచ్చిందప్పా, రండి రండి!" అని ఒకడు అందరినీ పిలిచాడు. ఇద్దరు ఆయన పక్కన నిలబడి ఫోటో కూడా దిగారు. కోపం కూడా తన చేతిలో లేకుండా పోయిందని దొడ్డప్పకు అప్పుడు తెలిసింది.

తిరిగి వస్తూ బోర్డు కింద మోపెడ్ ఆపాడు. లారీలు పోతున్నాయి. తల ఎత్తి చాలాసేపు చూశాడు. ఆ మొహం తనదే. కానీ అద్దంలో ఎప్పుడూ కనబడిన మొహం కాదు. ఎవరి కోసమూ, దేని కోసమూ ఉరుకులు లేనివాడిలా, కొండను చూస్తూ నిలబడ్డాడు ఆ మనిషి. వాడి మీద అసూయ లాంటిది ఏదో కలిగింది. మనసులో, 'నువ్వు బాగానే ఉండావప్పా, తన్నులు తినేది నేను' అనుకుని బండి స్టార్టు చేశాడు.

మర్నాడు హోసూరు కంపెనీ ఆఫీసులో ఉన్నాడు. ముందు గదిలో కూర్చున్న అమ్మాయి గోడ వైపు చూసింది. గోడ మీద అదే ఫోటో. తర్వాత ఆయన వైపు చూసింది. మొహం విప్పారింది. "మీరే కదా సార్! కూర్చోండి. మీటింగు నడుస్తా ఉంది. మీకు తొందరేమీ ఉండదు గదా."

దొడ్డప్ప కూర్చోలేదు. నేరుగా మీటింగు తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

"ఆ మాట తీసేయండి" అన్నాడు. "నాకు ఓర్పు లేదు. నా తండ్రికి లేదు. మా వంశంలోనే లేదు."

యోగేష్ మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి, సంగతి విన్నాడు. మామిడి కాలం అయ్యేదాకా బోర్డు అట్లనే ఉండాలని ఒప్పందం, ఫ్లెక్సు మొత్తం మార్చడం కుదరదు అన్నాడు. "కావాలంటే ఒక్క మాట మీద అట్ట ముక్క అతికించినట్టు కొత్త ముక్క అతికిస్తాము. ఏ మాట మార్చాల చెప్పండి."

ఉన్నవి మూడే మాటలు. హీ, అంటే ఆయన, అనే మొదటి మాట మార్చడానికి లేదు, ఫోటోలో ఉన్నది ఆయనే. ఓర్పు అన్న చివరి మాట మార్చడానికి లేదు, ఆ గుణం పేరుతోనే పైపులు అమ్ముతున్నారు. ఇక మార్చగలిగింది నడిమి మాట ఒక్కటే.

తనూజ దొడ్డప్పను క్యాంటీనుకు తీసుకుపోయింది. భోజనం పెట్టించి, ఎదురుగా కూర్చుంది. ఆయన ముందు కాఫీ సంగతి చెప్పాడు. వింటూ వింటూ ఆమె ముద్ద నోటి దగ్గరే ఆపేసింది. "అయ్యో బాబాయ్ గారూ! నేను ఆ కళ్లు చూసి ఇంటికెళ్లి ఏడ్చానండీ!"

"నేనూ ఏడ్చినానమ్మా. నాలుక పొక్కిపోయింది. సరే, వేరే మాటలు చెప్పు."

"పర్సానిఫైస్ అనొచ్చు. ఓర్పే మనిషై వచ్చినట్టు."

"ముందరిది ఒళ్లు, ఇది మనిషి. తేడా ఏముండాదమ్మా?"

"కొంచెం ఉందండీ. ఎంబాడీ అన్నది మనుషులకే కాదు. ఒక చట్టం న్యాయాన్ని ఎంబాడీ చేసింది అనొచ్చు, ఒక కట్టడం ఒక కాలాన్ని ఎంబాడీ చేసింది అనొచ్చు. పర్సానిఫై అంటే మాత్రం మనిషే కావాలి. లేదా దాన్ని మనిషిలా ఊహించుకోవాలి."

"ముందరిది చట్టంతోనో కట్టడంతోనో పోతాది, ఇది నన్నే ఇరికించేస్తాది. వద్దు. ఇంకోటి?"

"ఎపిటమైజెస్. దానికి మించింది లేదన్నమాట. ఓర్పంటే ఏమిటో తెలియాలంటే ఇంకెవర్నీ చూడక్కర్లేదు, ఈయన్ని చూస్తే చాలు."

"అయ్యో, సామల్పట్టిలో ఈసారి ఆకు కూడా వెయ్యరు. వద్దు."

"ఎగ్జెంప్లిఫైస్. అది కాస్త తేలిక. ఒక మంచి ఉదాహరణ అని. ఓర్పు గలవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లలో చూపించడానికి ఈయన ఒకరు."

"మా వినుత నన్ను బడికి పిలిచి పిల్లకాయల ముందర నిలబెడతాది. ఉదాహరణ అంటే దానికి ప్రాణం."

తనూజ నవ్వు ఆపుకుంటూ వేళ్లు మడిచింది. "టిపిఫైస్. ఒక ఊరివాళ్లలో, ఒక జాతివాళ్లలో మామూలుగా ఉండే గుణం ఒకరిలో కొట్టొచ్చినట్టు కనబడితే అలా అంటారు. మంచికే కాదు, చెడ్డకీ వాడతారు."

"అప్పుడు మా ఊరంతా ఓర్పుగాళ్లని అర్థం వస్తాది. ముత్యాలప్ప కోర్టుకు పోతాడు."

"సింబలైజెస్. గుర్తు."

"ఎలక్షన్లో గొడుగు గుర్తు, కుర్చీ గుర్తు మాదిరా?"

"అలాంటిదే. ఇక మిగిలింది రెప్రజెంట్స్. చాలా సాదా మాట. మన ఎమ్మెల్యే అసెంబ్లీలో మనల్ని రెప్రజెంట్ చేస్తాడు కదండీ, ప్రతినిధిగా."

దొడ్డప్ప సాంబారు కలుపుతున్న చెయ్యి ఆపాడు. జీవితంలో ఆయన ఒక మాటను నెమరు వేసినట్టు నమలడం బహుశా అదే మొదలు.

"మన బదులు ఆయప్ప పోతాడు."

"అవునండీ."

"ఆయప్ప మనం కాదు."

"కాదు."

"మన మాదిరి ఉండాలనీ లేదు."

"ఉండాలి గానీ..." తనూజ నీళ్లు నమిలింది. "ఉండి తీరాలనేం లేదు లెండి."

"ఇదే రాయమ్మా! ఓర్పుకు రాను కాలేదు. దాని బదులు నేను వచ్చినాను."

"గుణాల విషయంలో సరిగ్గా ఆ అర్థం రాదు బాబాయ్ గారూ. చదివేవాళ్లు ఈయన ఓర్పుకు గుర్తు అనే అనుకుంటారు."

"కార్లలో పోయేవాళ్లు ఏమన్నా అనుకోనీ. వాళ్లు నన్ను పంక్తిలో నుంచి లేపరు. నేను ఊళ్లో ఏం చెప్పుకోవాలో అది నాకు దొరికింది." అని, మజ్జిగ అన్నం ఇంకా రాకుండానే ఆకు మడిచాడు.

కొత్త ముక్క అతికించారు. రంగు ఒక పిసరు తేడా వచ్చింది. దగ్గరికి పోతే తెలుస్తుంది. సరిగ్గా అతికిందో లేదో చూడటానికి వచ్చిన తనూజ, దొడ్డప్ప ఇంటికీ పోయింది. ఆయన చేనిలో ఉన్నాడు. పిల్లమ్మ అనపకాయలు వలుస్తూ కూర్చుంది. తనూజ పక్కన కూర్చుని తనూ కొన్ని తీసుకుంది.

"పిన్నిగారూ, నాకు ఇప్పుడనిపిస్తోంది. మొదట రాసిన మాట మీకు రాయాల్సింది. ఆయనతో ఇన్నేళ్లు..."

పిల్లమ్మ కళ్లు పెద్దవి చేసింది. "నాకా? ఓర్పు యాడిదమ్మా నాకు? ఆయప్ప చెప్పేది నేను వింటే గదా. పొద్దున లేచినప్పటి నుంచి అరుస్తానే ఉంటాడు, నేను నా పని చూసుకుంటా. వినేవాళ్లకు గదా ఓర్పు కావాల్సింది." కాయ వలిచి గింజలు చేటలో వేసింది. "ఫోటో గీటో అని కెమెరా తీసేవు, నేను ఈడ ఉండను."

తనూజ బ్యాగు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

మంగలి అంగట్లో ఈసారి భుజం మీద చెయ్యి పడగానే దొడ్డప్ప సిద్ధంగా ఉన్నాడు. "నేను ప్రతినిధినప్పా. బోర్డు చూడలేదా, మాట మార్చినారు. ఓర్పు వేరే యాడో ఉండాది. నన్ను ముందర పంపించెయ్." మంగలి కాసేపు అర్థం కాక, తర్వాత నవ్వి, కుర్చీ తుడిచాడు. మండీలోనూ అదే పాట. గోపీనాథ్‌కు ఎమ్మెల్యే ఉదాహరణతో సహా వివరించాడు. చుట్టూ ఉన్న రైతులకు ఆ ఉదాహరణ ఎంత నచ్చిందంటే, మళ్లీ చెప్పమని అడిగారు. మళ్లీ చెప్పడం అలవాటు లేనివాడు కాబట్టి, కుందారపల్లికి పోయి శేషప్పను అడగమని వచ్చేశాడు. కొన్నాళ్లకు ఆయన పేరు ప్రతినిధి దొడ్డప్ప అయింది. ఆయన వస్తుంటే జనం నవ్వుతూ పక్కకు జరగడం మొదలైంది.

మామిడి కాలం చివర కంపెనీవాళ్లు కృష్ణగిరిలో రైతుల సభ పెట్టారు. దొడ్డప్పను వేదిక మీద కూర్చోబెట్టి, ఓర్పు గురించి మాట్లాడమన్నారు. ఆయన కన్నా ముందు మాట్లాడినవాళ్లు ఎవరూ తొందరపడలేదు. ఒకాయన నీటి చరిత్ర చెప్పాడు. ఇంకొకాయన తన చరిత్ర చెప్పాడు. షామియానా కింద ఎండ కాగుతోంది. వెనక వంటల వాసన. దొడ్డప్ప ఒకసారి లేచి వెనక్కి పోయి చూసి వచ్చాడు. పిలవగానే మైకు దగ్గరికి పోయి, తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు.

"అందరికీ దండాలు. ఓర్పు మంచిది. మామిడి చెట్టుకు ఉండాది, డ్రిప్పు పైపుకు ఉండాది, ఇంతసేపు కూర్చున్న మీకు ఉండాది. నాకు లేదు. లోపల బిర్యానీ దించేసినారు, నేను చూసి వచ్చినాను. లేవండప్పా."

ఆ సభలో చప్పట్లు మోగింది ఆ ఒక్కసారే. వెనక వరసలవాళ్లు ఈల కూడా వేశారు. ఇంకా మాట్లాడాల్సిన ఇద్దరు పెద్దమనుషులు కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడిపోయారు గానీ, వాళ్ల చుట్టూ కుర్చీలు ఖాళీ అయిపోయాయి. తనూజ ఒక స్తంభం పక్కకు పోయి, కళ్లు తుడుచుకుంటూ నవ్వుకుంది.

యోగేష్ ఏమంటాడో అని ఆమెకు కొంచెం భయంగానే ఉంది. యోగేష్ నేరుగా మొదటి పంక్తిలో ఉన్న దొడ్డప్ప దగ్గరికి పోయాడు. సగం కోపం, సగం నవ్వు. చివరికి నవ్వే గెలిచింది.

"జనానికి బాగా నచ్చిందప్పా. వచ్చే నెల ధర్మపురిలో సభ ఉంది. ఆడికి కూడా వచ్చి మాట్లాడతారా?"

దొడ్డప్ప అప్పటికే తినడం ముగించి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

"వచ్చే నెల దాకా ఎందుకప్పా?" అన్నాడు. "బండి ఈడనే ఉంది గదా, పదండి."